రాతి తొట్టి

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన మా నాయన నడిపిన మోటారు షెడ్డు ఉన్నది. పోయిన వేసవిలో దానిని పడగొట్టి నాలుగు దుకాణపు గదులు కట్టాలని మా అన్నదమ్ములము అనుకొన్నాము. పిల్లల చదువులకు అద్దె డబ్బు అక్కరకు వస్తుంది గదా! కూలీలు లోపలి రాతి తొట్టి మీద గడ్డపార వేయబోగా, మా పెద్దన్న "ఆగండి" అన్నారు. ఆ ఒక్క మాటతో పని నిలిచిపోయింది.

ఆ షెడ్డు మొదట గుర్రపు సాల. 1958లో నాయన దానిని ఒక జట్కా సాయిబు దగ్గర కొన్నారు. బస్సులు పెరిగి బాడుగలు తగ్గేసరికి, అప్పులు తీర్చడానికి ఆయన సాల అమ్మి, గుర్రమును వీధి చెట్టుకు కట్టుకొన్నాడు. సాల మోటారు పనికి సరిగ్గా సరిపోయింది. బండి పట్టే వాకిలి, ఎత్తైన కప్పు, నీళ్లు బయటికి జారే రాతిపరుపు అన్నీ ఉన్నాయి. గడ్డి దాచిన అటక మీదికి టైర్లు ఎక్కాయి. నిప్పు భయానికి బోదకప్పు తీసి రేకులు వేశారు. మధ్యలో గుంట తవ్వి, అందులో దిగి లారీల అడుగుభాగము బాగుచేసేవారు. గుర్రము నీళ్లు తాగిన రాతి తొట్టిలో ట్యూబులు ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూచి పంక్చరు కనిపెట్టేవాళ్లము.

ఇది మా ఊరిలోనే జరిగిన సంగతి కాదు. కారు పుట్టిన కొత్తలో దానికంటూ వేరే ఇల్లు ఎక్కడా లేదు. 1888లో జర్మనీ దేశములో బెర్తా బెంజ్ అనే తల్లి ఇద్దరు కొడుకులతో సుమారు 100 కిలోమీటర్లు మోటారు బండిలో పుట్టింటికి వెళ్లింది. దారిలో ఇంధనము మందుల షాపులో కొన్నది. తెగిన గొలుసును కమ్మరి అతికాడు. అరిగిన బ్రేకుకు చెప్పులు కుట్టేవాడు తోలు వేశాడు. ఆ తరువాత ఎన్నో దేశాలలో గుర్రపు సాలలు, కమ్మరి కొలుములు, బండ్ల కొట్టాలు గ్యారేజీలైనాయి. ఫ్రెంచి భాషలో ఆ మాటకు మూలము భద్రముగా ఉంచుట అనే అర్థముగలది. మద్రాసులో 1903లో ఆవిరి కారును తయారుచేసిన సింప్సన్ కంపెనీ కూడా అంతకుముందు గుర్రపు బండ్లు చేసినదే.

అయితే భద్రమైన చోటు ఒకరికి దొరికితే మరొకరు బయటికి పోవలసి వచ్చింది. ఒక కార్తీక మాసములో మూడు రోజులు ముసురు పట్టింది. రాత్రివేళ సాయిబు వచ్చి తలుపు తట్టాడు.

"మేస్త్రీ, ఈ ఒక్క రాత్రి గుర్రాన్ని లోపల కట్టుకోనీ" అన్నాడు.

"లోపల బేరం కారు ఉంది సాయిబూ. గుర్రం తన్నితే అద్దం పగులుద్ది. నేనెక్కడ తెచ్చి కట్టేది?" అన్నారు నాయన.

నాయన మాటలో అబద్ధము లేదు. కాని ఆ గుర్రము తాను పుట్టి పెరిగిన సాల గోడ పక్కనే తెల్లవారులూ తడిసి, నాలుగు దినాలకు చనిపోయింది. నాయన సాయిబును కాపలాకు పెట్టుకొని, ఆయన పోయేవరకు అన్నము పెట్టారు. మా అమ్మ ఆయనకు కూడా కలిపి ఎసరు పెట్టేది. సాయిబు ఏనాడూ నిందించలేదు గాని, ఆ తొట్టి దగ్గర మాత్రము కూర్చునేవాడు కాదు. ఏటా క్రిస్మస్ నాటకములో సత్రములో చోటులేదని చెప్పే ఘట్టము రాగానే నాయన లేచి బయటికి వెళ్లిపోయేవారు. ఎందుకో మాకు పెద్దయ్యాకనే తెలిసింది.

ఇప్పుడు ఆ షెడ్డు ముందు పట్ట కింద ఒక ముసలాయన పంక్చర్లు వేస్తున్నాడు. పన్నెండేళ్ల వయసులో నాయన దగ్గర పానాలు అందించడానికి వచ్చినవాడు. ట్యూబులేని టైర్లు వచ్చాక ఆయన పనీ తగ్గింది. గదులు కడితే ఆయన ఎక్కడికి పోవాలని మాలో ఎవరమూ అడగలేదు. ఆనాడు సాయిబును కూడా ఎవరూ అడగలేదు గదా!

ఆ రాత్రి మేము కూర్చుని మాట్లాడుకొన్నాము. "ధర్మానికి పోతే పిల్లల ఫీజులు ఎవరు కడతారు?" అన్నాడు తమ్ముడు. అదీ నిజమే. చివరికి మూడు గదులే కట్టించి, నాలుగోదాని చోటు కప్పు వేసి తెరిచి ఉంచాము. ముసలాయన ఉన్నంతకాలము అది ఆయనదే. నెలనెలా ఒక అద్దె పోతున్నది. తమ్ముడికి ఇంకా కొంచెము కోపముగానే ఉన్నది.

ప్రియ చదువరులారా, పాతది పోయి కొత్తది రాకుండా ఎవరు ఆపగలరు? మేమూ ఆపలేదు. కాని మీరు పాత గోడ పడగొట్టేటప్పుడు దాని నీడన ఎవరున్నారో ఒక్కసారి తొంగి చూడండి. మా తొట్టి ఇంకా అక్కడే ఉన్నది. అందులో నీళ్లు నింపడము మాత్రము ఇప్పుడు మా తమ్ముడి పిల్లల పని.