ఘరచితి

కోల్‌కతా నగరానికి దక్షిణపు కొసన, గరియా ప్రాంతంలో, ఒక కుంటను ఆనుకొని ఉన్న ఇంటిలో తెలుగు వృద్ధుడొకడు నివసించేవాడు. ఖరగ్‌పూరు రైల్వేలో చిరకాలం పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఇంటి వెనుక రెండు అరటిచెట్లు, ఒక జామ, కూలిన ప్రహరీ తాలూకు ఇటుకల పోగు. ఇదీ ఆయన పెరడు. ఆషాఢం మొదలుకొని భాద్రపదం దాకా ఆ పెరటిలో మనుష్యులకంటె పాములకే హక్కు ఎక్కువ.

పెద్ద పాములతో ఆయనకు పేచీ లేదు. మిట్టమధ్యాహ్నం ఎలుక వెంటపడి ఇటుకల సందున దూరే ఆరడుగుల పామును ఇరుగుపొరుగువారు దాఁడాశ్ అనేవారు. ఆయన జెర్రిపోతు అనేవాడు. పెద్ద కన్ను, పెదవులమీద నల్లని గీతలు, పడగలేని సన్నని మెడ చూడగానే తెలిసిపోయేవి. కుంటలో గళ్ళ వీపుతో ఈదేది జలఢోఁడా, మన నీరుకట్టు. బెదిరినప్పుడు మెడను వెడల్పు చేస్తుంది కనుక పాపం అది తాచు పేరిట చచ్చిపోతూ ఉంటుంది. పడగ వెనుక కళ్ళజోడు గుర్తుంటే గోఖ్రో, ఒకే వలయముంటే కేఉటే. వంగదేశంలో ఈ రెండు జాతుల తాచులూ ఉన్నాయి. లావుగా, వీపు పొడవునా మూడు వరుసల గొలుసు మచ్చలతో ఉండి, గట్టిగా బుసకొట్టేది చంద్రబోడా, అనగా రక్తపింజర.

చిక్కంతా చిన్న పాముతో వచ్చింది.

శ్రావణమాసంలో ఒక రాత్రి స్నానాలగది గోడమీద మూరెడు పాము కనిపించింది. ముదురు గోధుమవన్నె ఒంటిమీద తెల్లని పట్టెలు. ఆయన కట్లపామనుకొని కర్ర అందుకొన్నాడు. ప్రక్కింటి వృద్ధురాలు, ఇంటిల్లిపాది మాసిమా అని పిలిచే ఆవిడ, గుమ్మంలోనుంచే వారించింది: “కొట్టకండి, అది ఘరచితి. బల్లులకోసం వచ్చింది.”

‘చితి’ అన్నమాట తెలుగు చెవికి శ్మశానాన్ని స్ఫురింపజేస్తుంది. వంగభాషలో ఈ పాముల పేర్లలో అది మచ్చలనూ చారలనూ సూచిస్తుంది. ఇంటి గోడలెక్కే ఈ మచ్చలపాముకు విషం లేదు. మాసిమా దీపం దగ్గరగా పట్టి చూపించింది: మెడవద్ద లేతరంగు పట్టీ, ముందుభాగంలో స్పష్టంగా ఉండి తోకవైపు పోనుపోను మాసిపోయే పట్టెలు. కట్లపాముకు సాధారణంగా ఇది తలక్రిందులు. దాని పట్టెలు సన్నగా, తరచు జంటలు జంటలుగా ఉంటాయి. ముందుభాగాన అవి మసకగా ఉండి, లేదా లేకనే పోయి, తోకవైపు తేటపడతాయి. వీపు నడుమ వరుసలోని పొలుసులు తక్కిన వాటికంటె పెద్దవి, ఆరు పలకలవి. పిల్ల కట్లపాములలో ముందుభాగాన కూడా చారలుంటాయి కనుక ఒక్క గుర్తును నమ్ముకోరాదు.

ఆ కట్లపామునే ఇక్కడ కాలాచ్ అంటారు. కొన్ని జిల్లాలలో దాని పేరు డోమ్నాచితి. విషంలేని దానికీ, ప్రాణాంతకమైన దానికీ ఒకే ‘చితి’! శియరచాఁదా అని మరొక పేరు. శియర అంటే పడుకున్నవారి తలవైపు. ఈ పేరు పెట్టినవారెవరో గాని వైద్యగ్రంథం వ్రాసినంత పని చేశారు. కాలాచ్ రాత్రివేళ నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి స్వల్పం, వాపు ఉండదు, కోరల గుర్తులు కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు, ఆపైన ఊపిరి అందకపోవడం.

ఈ పాము శాస్త్రనామానికి తెలుగుతో చుట్టరికముంది. విశాఖపట్టణంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఉన్న పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, స్థానికులు చెప్పిన పేర్లతో సహా 1796లో గ్రంథం ప్రకటించాడు. పసుపు నలుపు పట్టెలుండే పాముకు ‘బంగారు పాము’ అన్న పేరు అందులో ఉన్నది. వంగీయులు దానిని శాఁఖాముటి అంటారు. ఆ తెలుగు మాటనుండే బంగరస్ అన్న ప్రజాతినామం పుట్టింది. కాలాచ్ కూడా ఆ ప్రజాతిలోనిదే. తరువాత 1872లో జోసెఫ్ ఫేరర్ విషసర్పాలపై వెలువరించిన మహాగ్రంథానికి పరిశోధన కలకత్తాలోనే జరిగింది.

ఘరచితి ఆ ఇంట చనువు సంపాదించుకొన్నది. వృద్ధుని మనుమడు, ఎనిమిదేళ్ళవాడు, రోజూ గోడలు వెదికేవాడు. పక్షం రోజుల తరువాత, విద్యుత్తు పోయిన రాత్రి, వాడు పరుపు ప్రక్కన వంగి చేయిచాచుతూ, “తాతగారూ, మన ఘరచితి మళ్ళీ వచ్చింది!” అని కేకవేశాడు.

వృద్ధుడు టార్చి వేశాడు. పాము గోడమీద లేదు, నేలమీద ఉన్నది. మెడవద్ద పట్టీ లేదు. జానెడు మేర నున్నని నిగనిగలాడే నలుపు. ఆ వెనుకనే మొదలైన సన్నని తెల్లచారల జంటలు తోకదాకా ఉన్నాయి.

“కదలకు నాయనా. చేయి మెల్లగా వెనక్కి తీసుకో.”

వాడు తీసుకొన్నాడు. ఆయన వాణ్ణి ఎత్తుకొని, తలుపు మూసి, క్రింది సందున తడిగుడ్డ కుక్కాడు. పాములు పట్టేవాడు వచ్చేటప్పటికి రాత్రి రెండు గంటలయింది. అతడు దానిని కొక్కెంతో ఎత్తి సంచిలో వేసి, “కాలాచ్” అని మాత్రం అన్నాడు. అంతవరకూ నిబ్బరంగా నిలిచిన వృద్ధునికి అప్పుడు కాళ్ళు వణికాయి. ఆ భయాన్ని అతిశయమనలేము: 2000 నుండి 2019 వరకు మనదేశంలో పాముకాటుచేత సుమారు 12 లక్షలమంది మరణించారని 2020లో ప్రకటితమైన ఒక పరిశీలన అంచనా కట్టింది.

మరునాడు మాసిమా విని చాలాసేపు మాట్లాడలేదు. తాను నేర్పిన పేరే పిల్లవాడిని పాముదాకా తీసుకుపోయిందని ఆవిడ బాధ. ఆ సాయంకాలం ఆవిడే వాణ్ణి కూర్చోబెట్టుకొని, ఘరచితి అయినా సరే తాకరాదనీ, పెద్దలను పిలవాలనీ ఒట్టు వేయించుకొన్నది. వృద్ధుడు ఇటుకల పోగును ఊడ్పించాడు. పరుపును మంచంమీదకు మార్చి, దోమతెర అంచులు నాలుగువైపులా లోనికి మడిచాడు.

స్నానాలగదిలో బల్లులు మాత్రం ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.