పొయ్యి వెలిగించని వనభోజనం

కార్తీకమాసం వచ్చిందంటే మా మరిపెడ బంగ్లాలో ఆడవాళ్లకు రెండే మాటలు. సోమవారం ఉపవాసం ఎట్లా గడుస్తుంది? ఈసారి వనభోజనాలు ఎక్కడ? ఉసిరి చెట్టున్న మామిడితోట దొరికితే చాలు, మిగతా సరంజామా అంతా ఆటోలో ఎక్కించేస్తాం. గ్యాస్ పొయ్యి, పెద్ద గిన్నెలు, నీళ్ల క్యాన్లు, ప్లాస్టిక్ కుర్చీలు! సాయంత్రం మేం లేచి వచ్చేసరికి ఆ తోట ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వనానికి వెళ్లొచ్చామన్న పేరే గానీ, వనం వైపు తలెత్తి చూసేదెవరు?

2024 కార్తీకంలో మాత్రం మా ఇంట్లో వేరేగా జరిగింది. దానికి కారణం మా చిన్న ఆడబిడ్డ.

తను చాలా ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటోంది. ఆ ఏడు కూతుర్ని తీసుకుని నెల రోజులకు వచ్చింది. ఒక రాత్రి భోజనాలయ్యాక ఫోనులో ఫోటోలు చూపించింది. వాళ్ల ఊరి పక్కన గోధుమ చేల నడుమ నాలుగైదు ఎకరాల చిట్టడవి. నేలంతా నీలం చీర పరిచినట్టు పూలు. బ్లూబెల్స్ అంటారట. పైన చెట్లు నిండా ఆకు తొడిగి నీడ కమ్మకముందే, ఏప్రిల్, మే నెలల్లో గబగబా పూసేస్తాయట. మధ్యలో కాలిబాట. ఆ బాటన ఎవరైనా నడవచ్చు. కానీ యజమాని అనుమతి లేకుండా ఆ మొక్కను వేళ్లతో తవ్వి పట్టుకుపోతే మాత్రం నేరమే. 1981లో చట్టం చేశారు. 1600 సంవత్సరానికి ముందు నుంచీ ఉన్న వనాలను అక్కడ ‘ప్రాచీన వనాలు’ అని విడిగా లెక్క కడతారు. అలాంటివి బ్రిటన్ నేలలో నూటికి రెండున్నర పాళ్లే మిగిలాయట.

“మనకాడ ఇట్లాంటివి లేవా వదినా? పొలాల నడుమ, ఊరి పక్కన?” అని అడిగింది.

“పాకాల లేదా!” అన్నాను ఠక్కున. కాకతీయ గణపతిదేవుని కాలంనాటి చెరువు, చుట్టూ అంత అడవి. మా వైపు అడవి అంటే అదే గుర్తొస్తుంది మరి.

“అది అభయారణ్యం గదా. నేనడిగేది చిన్నది. ఒక ఇంటోళ్లు కాపాడుకునేంత.”

ఆ మాట నాకెక్కడ తగిలిందో తనకు తెలియదు.

మా చెలక ఆకేరు వాగు దగ్గర ఉంది. మూడెకరాల్లో మిర్చి, పత్తి వేస్తాం. వాగు వైపున్న అర ఎకరం మాత్రం మా మామయ్య ఉన్నన్నాళ్లూ దున్నలేదు. తుమ్మ, వేప, మోదుగ, సీతాఫలం పొదలు, నాలుగు ఈతచెట్లు. అంతే. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వాన మా వైపు వాళ్లెవరూ మరిచిపోలేరు. తెల్లారి సెప్టెంబరు 1న ఆకేరు పొంగి పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా పారింది. సీతారాం తండాలో ఇళ్లు మునిగాయి. మా చేలో అప్పుడే నాటిన మిర్చి నారు మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది. పెట్టుబడి పోయింది, అప్పు మిగిలింది.

మావారు ఒక లెక్క చెప్పారు. “జేసీబీని పిలిపించి ఆ పొదలన్నీ పీకించేద్దాం. అర ఎకరం కలిసొస్తది. ఇసుక పడ్డ నేల ఎట్లాగూ ఈ ఏడు పనికిరాదు.” లెక్క ప్రకారం తప్పేం లేదు. నేను ఔననలేకపోయాను, కాదనలేకపోయాను. మా అత్తమ్మ అయితే ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆడబిడ్డ అడిగిన మాటతో నాకు ఎప్పుడో పేపర్లో చదివిన సంగతి గుర్తొచ్చింది. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణగారు తన 70 ఎకరాల సొంత భూమిని అడవిగా వదిలేశారని. మాకేం సముద్రాలు దాటే దూరం కాదు గదా! “ఈసారి వనభోజనం అక్కడే” అన్నాను. మావారిని బతిమాలి బయల్దేరదీశాం.

పొద్దున ఆరింటికే సూర్యాపేట బస్సెక్కాం. అక్కడ దిగి ఖమ్మం రోడ్డు పట్టుకుంటే మోతె వస్తుంది. నాలుగు వరుసల రోడ్డు, లారీల హోరు. మోతె నుంచి ఆటో. దారి పొడుగునా పత్తి చేలు, వరి మళ్లు. నవంబరు ఎండే అయినా మా అత్తమ్మ కొంగు నెత్తిమీది నుంచి తియ్యలేదు. ఉన్నట్టుండి చేలు ఆగిపోయి చెట్లు మొదలయ్యాయి.

గేటూ గడియా ఏమీ కనిపించలేదు. ఆ రోజు సత్యనారాయణగారు ఊళ్లో లేరు. ఊరి పెద్దమనిషి ఒకాయన దారి చూపిస్తానని మా వెంట వచ్చాడు.

ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు తెలిసిందే. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడు బోరు నీళ్లలో కరిగి, ఆ నీళ్లే తాగిన పిల్లల పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయేవి. ఆ నీళ్ల కోసం సత్యనారాయణగారు బ్యాంకు ఉద్యోగం వదులుకుని జలసాధన సమితి పెట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్గొండ స్థానానికే 480 మంది పోటీలో నిలబడ్డారు, గుర్తుందా? తమ గోడు దేశమంతా వినాలని ఆ సమితి చేసిన పని అది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయి, పోలింగే వాయిదా వెయ్యాల్సి వచ్చింది. నీళ్ల కోసం అంత రచ్చ చేసిన మనిషే ఇక్కడ ఏ చప్పుడూ లేకుండా, చిన్నప్పటి నుంచీ ఈ అడవిని పెంచుకుంటూ వచ్చారు. ఇందులో కాయ అమ్మరు, కట్టె అమ్మరు. ఇది పిట్టలదీ జంతువులదీ అన్నది ఆయన లెక్క.

నాలుగడుగులు లోపలికి వేశామో లేదో చెమట ఆరిపోయింది. కాలి కింద ఆకులు పరుపులా మెత్తగా ఉన్నాయి. ఇంగ్లండు పిల్ల “ఇక్కడ నడిచే దారేది?” అని వెతుక్కుంటోంది. దారంటే పశువులు నడిచినంత సందే. తుమ్మముల్లు నా చీర పట్టుకుంది, విడిపించుకుంటుంటే ఎక్కడో నెమలి అరిచింది. పిల్ల బిక్కచచ్చిపోయి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

అసలు వింత మా అత్తమ్మ. మోకాళ్ల నొప్పులని ఇంట్లో నాలుగు మెట్లెక్కని మనిషి అందరికన్నా ముందు నడుస్తోంది! “ఇది బలుసు. శ్రాద్ధాలకు దీని కూరే కావాలి. ఇది రేగు, సంక్రాంతికి పండుతది. ఇది తంగేడు, ఇది మోదుగ” అని చుట్టాలను పలకరించినట్టు చెప్పుకుంటూ పోయింది. మొన్న బతుకమ్మకు తంగేడు పూలు నేను అంగట్లో కట్ట లెక్కన కొన్నాను. మా అత్తమ్మ చిన్నప్పుడు తంగేడు పువ్వు కొనడమంటే నవ్వేవాళ్లట. మోదుగాకు విస్తళ్లు కుట్టడం, సీతాఫలాలు తట్టలో గడ్డి వేసి మాగబెట్టడం, చింతచిగురు దూసి ఎండబెట్టి డబ్బాకెత్తడం, ఇవన్నీ ఊరి పక్క చిట్టడవి ఉంటేనే ఆడవాళ్లకు వచ్చిన విద్యలు. అడవి పోయాక విద్య కూడా పోయింది. పేపరు ప్లేట్లొచ్చాయి.

“అమ్మమ్మా, ఇక్కడ బ్లూబెల్స్ లాగా నేలంతా పూలు పూయవా?” అడిగింది పిల్ల.

“నేల మీద కాదు బిడ్డా, పైన చూడాలె. మాఘం, ఫాల్గుణంల ఆకంత రాలినంక మోదుగు పూస్తది. ఎర్రగ, మంట పెట్టినట్టు. హోలీకి ఆ పూలే ఉడికిచ్చి రంగు చేసేటోళ్లం.”

ఒకచోట పెద్ద చెట్టు పడిపోయి ఉంది. ఎన్నేళ్లయిందో, బెరడు ఊడి, చీమలు దారులు వేసుకుని, పక్కన పుట్టగొడుగులు లేచాయి. మావారు ఆగిపోయారు. “ఇంత కట్టె ఊరికే పోయింది గదా” అన్నారు. వెంట వచ్చిన పెద్దమనిషి నవ్వి, “పోలేదు సార్, ఈడనే ఉన్నది” అన్నాడు.

ఇంకాస్త ముందుకు వెళితే నీటి కుంట వచ్చింది. సత్యనారాయణగారు తవ్వించినవి ఇలాంటివి ఇంకా ఉన్నాయట. గట్టున బురదలో గిట్టల గుర్తులు, అడవి పందులవని చెప్పాడు పెద్దమనిషి. మేమంతా నీళ్లు చూస్తుంటే మావారు ఒక చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, ఆకులు పక్కకు జరిపి పిడికెడు మన్ను తీశారు. నల్లగా, పొడిపొడిగా, చల్లగా ఉంది. ముద్ద చేస్తే అయ్యింది. వాన పడి ఎన్నో రోజులైంది. బయట చేలల్లో నేల అప్పటికే గట్టిపడుతోంది. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ మన్ను చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు. రైతు గదా, మనకు పూలూ పిట్టలూ కనిపించేచోట ఆయనకు పదును కనిపిస్తుంది.

పిల్లకు ఒక నెమలి ఈక దొరికింది. పుస్తకంలో పెట్టుకుంటానంది. పెద్దమనిషి మొహం చూసి తనే మళ్లీ ఆకుల మీద పెట్టేసింది. నాకు ముచ్చటేసింది.

భోజనం అడవిలో చెయ్యలేదు. ఎండుటాకుల మీద నిప్పు రవ్వ పడితే ఇంకేమన్నా ఉందా! బయటికొచ్చి బాట పక్కన వేపచెట్టు కింద కూర్చున్నాం. సర్వపిండి, చింతపండు పులిహోర, పెరుగన్నం. ఎవరూ వంట దగ్గర మాడిపోలేదు, వడ్డన దగ్గర అలిసిపోలేదు. తిన్న విస్తళ్లు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాం. నా జన్మలో మొదటిసారి వనభోజనంలో నేను కూడా కూర్చుని తిన్నాననుకోండి!

తిరుగు బస్సులో మావారు వాదనకు దిగారు. “ఆయనకంటే 70 ఎకరాలున్నయి, నడుస్తది. మనకు అర ఎకరమే ఎక్కువ. చెట్లు మాత్రం వరదను ఆపుతయా? అదే ఆగస్టు 31న తాడ్వాయి అడవిల సుడిగాలికి వేల చెట్లు కూలినయి గదా.” అదీ నిజమే. నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా అత్తమ్మ చెప్పింది. “వరదను ఆపయి కొడుకా. గట్టును ఆపుతయి. నేను కాపురానికొచ్చిన కొత్తల ఆడ చెట్లు లేకుండె. ఒక్క వానకు గట్టు తెగి ఇంత భూమి వాగుల కలిసింది. అప్పటిసంది మీ నాయిన ఆడ నాగలి పెట్టలె.” రెండు నెలలుగా ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, “నన్నెవరడిగిండ్రు?” అంది.

తెల్లారి మావారు ఒక్కరే చెలకకు వెళ్లొచ్చారు. అర ఎకరం పొడుగునా గట్టు నిలబడే ఉందట. పొదలు అయిపోయిన చోట నుంచి మాత్రం వాగు కొరుక్కుపోయిందట. వరద పోయాక అందరం ఇసుక వైపే చూశాం గానీ గట్టు వైపు ఎవరం చూడలేదు.

జేసీబీ రాలేదు. అలాగని అప్పు ఎగిరిపోలేదు. నా రెండు గాజులు బ్యాంకులో పెట్టి ఇసుక ఎత్తించి, యాసంగిలో మక్కజొన్న వేశాం. అవి విడిపించుకున్నప్పుడు మా ఇంట్లో పండగే. ఆ అర ఎకరం మీద ఎవరైనా బేరానికొస్తే ఇప్పుడు మావారే “అది మా అమ్మది” అంటున్నారు. కాగితాల మీద కాదులెండి, మాటల్లోనే.

మీ పొలం మూలనో, ఊరి వాగు ఒడ్డునో అలాంటి జాగా ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని దున్నకుండా ఎందుకు వదిలారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగారా?

వెళ్లాలనుకుంటే: సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డులో మోతె దిగి ఆటోలో రాఘవాపురం చేరుకోవచ్చు. అది సొంత భూమి, పార్కు కాదు. అడిగి, అనుమతి తీసుకునే వెళ్లాలి. ముళ్లుంటాయి కాబట్టి బూట్లు, నూలు బట్టలు మంచివి. నీళ్లూ తిండీ వెంట తీసుకెళ్లండి, చెత్త వెంట తెచ్చుకోండి.

వెంట తీసుకెళ్లడానికి సర్వపిండి: బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, వేయించి దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, జీలకర్ర, కరివేపాకు వేసి నీళ్లతో గట్టిగా కలపండి. అడుగు మందంగా ఉన్న గిన్నెకు లోపల నూనె రాసి, పిండిని పలుచగా అద్దండి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద అడుగు ఎర్రబడేదాకా ఉంచండి. పొద్దున చేసింది సాయంత్రం దాకా బాగుంటుంది.