తాడు వదలడం కూడా పాఠమే

హుస్సేన్‌సాగర్ అనగానే మనకి గుర్తొచ్చేవి మూడే: బుద్ధ విగ్రహం, వినాయక నిమజ్జనం, వాసన. ఆ నీళ్ళ మీదే తెరచాప పడవ నడపడం నేర్పుతారని మన వైపు చాలామందికి తెలీదు. సంజీవయ్య పార్క్ దగ్గర యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ 2009 నుంచీ ఉంది. సికింద్రాబాద్ ఈఎంఈ సైనికుల సెయిలింగ్ అంతకంటే పాతది. మణికొండ నుంచి ఆదివారం పొద్దున్నే బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు. మా పన్నెండేళ్ళ అమ్మాయి నేర్చుకుంటానంది. ఒడ్డున ఊరికే కూర్చోవడం ఎందుకని నలభై రెండేళ్ళ నేనూ చేరాను.

ఇంట్లో ఒప్పించడమే కష్టం. మా అత్తగారి తమ్ముడు పదేళ్ళప్పుడు గోదావరిలో కొట్టుకుపోయాడు. పుష్కరాలకి వెళ్ళినా ఆవిడ రేవు మెట్ల మీద కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకుంటారు, అంతే. "నువ్వెళ్ళేది చాలక పిల్లని కూడానా?" అన్నారు. నేను వాదించలేదు. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు కదా! ముందు మూడు నెలలు మా సొసైటీ పూల్‌లో ఇద్దరం ఈత నేర్చుకున్నాం. లైఫ్ జాకెట్లు కొని తెస్తే ఆవిడ బెల్టులు లాగి లాగి చూశారు. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

పిల్లలకి ఆప్టిమిస్ట్ అనే పడవ ఇస్తారు. ఎనిమిది అడుగులు కూడా ఉండదు, 35 కిలోలు, చూడ్డానికి తొట్టిలా ఉంటుంది. పెద్దవాళ్ళం ఇద్దరు పట్టే పడవలో శిక్షకుడితో మొదలుపెడతాం. చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది. గాలికి ఎదురుగా తిన్నగా వెళ్ళలేం, అటు కొంతా ఇటు కొంతా వంకరగా పోవాలి. మలుపులో తెరచాప కింది కర్ర, దాన్ని బూమ్ అంటారు, ఒక్కసారిగా ఇటు నుంచి అటు వస్తుంది. తల వంచకపోతే అంతే సంగతులు!

అన్నిటికంటే ముఖ్యమైంది షీట్. దుప్పటి కాదండోయ్, తెరచాపని అదుపు చేసే తాడు. గాలి విసురుగా కొట్టి పడవ ఒరిగితే మన చెయ్యి తాడుని ఇంకా బిగిస్తుంది. అప్పుడు తెరచాప ఇంకా గాలి పట్టి పడవ ఇంకా ఒరుగుతుంది. కాస్త వదలాలి. గాలి జారిపోయి పడవ నిలబడుతుంది. ఈ మాట అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు, చేతికి ఎక్కడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

పడవని కావాలనే బోల్తా కొట్టించి కూడా నేర్పుతారు. పడవని వదిలి ఈదకూడదు. అడుగున ఉండే పలక మీద నిలబడి లాగితే అది మళ్ళీ లేస్తుంది.

మా అమ్మాయి వాళ్ళ నాయనమ్మకి ఐఎన్ఎస్ తారిణి కథ చెప్పింది. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ ఆడపిల్లలు 56 అడుగుల తెరచాప పడవలో బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో ఇద్దరు మనవాళ్ళే: హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ పి. స్వాతి. అంతా విని అత్తగారు ఒక్కటే అడిగారు: "అన్ని నెలలు వాళ్ళమ్మలకి నిద్రెలా పట్టిందే?"

దానికి జవాబు నాకు పోయిన నెల కొంచెం తెలిసింది. మా అమ్మాయి మొదటిసారి ఒంటరిగా పడవ నడిపింది. గాలి కొట్టి పడవ ఒరిగితే ఒడ్డున నా పిడికిలి బిగుసుకుంది. అది తాడు వదిలింది, పడవ సర్దుకుంది. నిద్ర పట్టడమంటే భయం పోవడం కాదేమో. పిల్లకి తాడు వదలడం వచ్చని మనకి తెలియడమేమో.

మీలో ఎవరికైనా మనసుంటే ముందు ఈత నేర్చుకోండి. జూలైలో గాలి జోరు ఎక్కువ, చలికాలంలో మొదలుపెడితే తేలిక. జుట్టు గట్టిగా ముడేసుకోండి. వెంట రక్షణ బోటు వస్తుందో లేదో అడగండి. ఇంట్లో భయపడేవాళ్ళుంటే నవ్వకండి. లైఫ్ జాకెట్ వాళ్ళ చేతికివ్వండి, బెల్టులు లాగి చూసుకోనివ్వండి.