అరుగు మీద వాదం

'పోలీసు చర్య' అన్న మాట మీద మా యింట్లో చాలా యేళ్లు తగాదా నడిచింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూరు వైపు నుంచీ, బెజవాడ వైపు నుంచీ నైజాము రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ట్యాంకులూ విమానాలూ దించిన యుద్ధానికి పోలీసుల పేరెందుకని మా చినతాత అడిగేవాడు. "పేరుతో నీకేం పనిరా, పని జరిగిందా లేదా?" అని తాతయ్య కసిరేవాడు. మైలవరంలో మా అరుగు మీద యీ వాదం వింటూ పెరిగినవాణ్ణి నేను.

తాతయ్య వాదానికి బలం వుంది. మాకు నైజాము సరిహద్దు యెంతో దూరం కాదు. రజాకార్లకు జడిసి మధిర వైపు నుంచి వచ్చిన వొక కుటుంబం ఆ వేసవిలో మా గొడ్లచావిట్లో తలదాచుకుంది. కుక్క మొరిగితే చాలు, వాళ్ల ఆడపిల్ల లేచి కూర్చునేదట. "1947 నవంబరులో చేసుకున్న యథాతథ ఒప్పందానికి యేడాది గడువు. అది తీరేదాకా వీళ్లను చావిట్లోనే వుండమంటావా?" అనేవాడు తాతయ్య. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా శాంతిని గురించి మాట్లాడేవారిని నేనిప్పటికీ నమ్మను.

నెహ్రూ వెనకాడాడంటే అదీ పిరికితనం కాదు. స్వాతంత్ర్యం వచ్చి పదమూడు నెలలు. కాశ్మీరులో యుద్ధం సాగుతూనే వుంది. దేశవిభజన నాటి నెత్తురు యింకా ఆరలేదు.

చినతాత అభ్యంతరం వేరు. ఆయన కమ్యూనిస్టు. "సైన్యం రజాకార్లతో ఆగదన్నయ్యా, భూమి పంచుకున్న రైతు మీదికి తిరుగుతుంది" అనేవాడట. తిరిగింది. 1951 అక్టోబరు దాకా రైతులు ఆ సైన్యంతోనే పోరాడవలసి వచ్చింది. యెవరి మీద యుద్ధం చేశారో ఆ నిజామే 1950లో రాజప్రముఖ్ అయ్యాడు! అయితే సైన్యం వచ్చాక పోరాటం విరమించవలసిందని పార్టీలోనే రావి నారాయణరెడ్డి వంటివారు వాదించారు. ఆ మాట యెత్తితే చినతాత అరుగు దిగి వెళ్లిపోయేవాడు.

పెద్దయ్యాక నేను చినతాత పక్షం చేరాను. యేటా సెప్టెంబరు 17న మా వూరి సభలో రైతులకు జరిగిన ద్రోహం గురించి మాట్లాడేవాణ్ణి. చప్పట్లు బాగానే పడేవి. 2013లో సుందర్‌లాల్ కమిటీ నివేదిక వెలుగులోకి వచ్చింది. 1948 చివర నెహ్రూ ప్రభుత్వమే పంపిన కమిటీ అది. సైనిక చర్య రోజుల్లోనూ, ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి వుంటారని అంచనా కట్టింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు యెక్కువగా దెబ్బతిన్నాయి. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లిములు. రజాకార్లు చేసిన పాపానికి రజాకారు కానివాడు బలయ్యాడు.

తాతయ్య లెక్కలో చావిట్లోని కుటుంబం వుంది. చినతాత లెక్కలో రైతు వున్నాడు. వీళ్లు మాత్రం యిద్దరి లెక్కలోనూ లేరు, నా వుపన్యాసాల్లోనూ లేరు. నివేదికను దాచిపెట్టారు, నిజమే. కాని మా బజారులో బట్టలు కుట్టే ముసలాయనది బీదరు జిల్లా. మా సభలకు వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాడు. అంత దూరం నుంచి మా వూరెందుకు వచ్చాడో నేనొక్కసారీ అడగలేదు. నివేదిక వచ్చేనాటికి ఆయన లేడు.

మరుసటి యేడు సభకు ఆ నివేదిక పట్టుకువెళ్లాను. సగం చదివేసరికి వొకాయన లేచాడు.

"అయితే సైన్యం వెళ్లకూడదంటారా?"

"వెళ్లవలసిందే."

"మరి?"

గెలిచిన మర్నాడు ఆ జిల్లాల్లో యెవరి గడపకు యెవరు కాపలా కాయాలో ఆలోచించకుండా వెళ్లారని చెబుతున్నానన్నాను. ఆయన కూర్చోలేదు.