అబ్బా దిగిన సైకిల్

సైకిల్ కొంటున్నానని చెప్పగానే మా అమ్మీ వేసిన సవాల్ ఇది: "మీ అబ్బా సైకిల్ దిగడానికి ఇరవై ఏళ్లు మెహనత్ చేసినాడు. నువ్వు ఎక్కేదానికి నలభై ఎనిమిది వేలు పెడ్తావా బేటా?"

నేను పేపర్లో పనిచేసేవాణ్ణి. మంత్రులను కూడా సవాళ్లు అడిగి ఉన్నాను. అమ్మీకి మాత్రం ఆ పూట జవాబు ఇవ్వలేకపోయాను.

అబ్బాది అట్లాస్ సైకిల్. కడప జిల్లాలో కమలాపురం, ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెలు ఆయన ఇలాఖా. వెనక క్యారియర్ మీద బట్టల మూట: చీరలు, లుంగీలు, లంగాల గుడ్డ, పండగల ముందైతే చిన్నపిల్లల గౌన్లు. సైకిలే ఇరవై కేజీలు ఉండేది, మూట ఇంకో ముప్ఫై. గేర్లు లేవు. జేబులో అప్పులు రాసుకునే చిన్న నోటుబుక్కు, నెలనెలా వసూళ్ల కోసం అవే దారులు మళ్లీ. కడపలో చిన్న దుకాణం పెట్టిన రోజు ఆయన చేసిన మొదటి పని, ఆ సైకిల్‌ను మా ఖాలా కొడుక్కి ఇచ్చేయడం. ఇంట్లో ఫాతిహా ఇప్పించి, జర్దా వండి మొహల్లా అంతా పంచారు. మా ఇళ్లలో సైకిల్ అంటే షౌఖ్ కాదు, మజ్బూరీ. అది పోయి స్కూటర్ వస్తే ఇజ్జత్ వచ్చినట్టు. 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిల్ దినం నాడు, సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడిన వార్తను డెస్క్‌లో నేనే తెలుగు చేశాను. అప్పటికి అబ్బా లేరు.

దుకాణంలో కూర్చున్న ఏడేళ్లకు ఆయనకు షుగర్ బయటపడింది. సైకిల్ దిగినందుకే వచ్చిందని నేను దావా చేయను. మా ఖాందాన్‌లో అది అందరికీ ఉన్నదే. కానీ ఆఖరి సంవత్సరాల్లో ఎడమకాలి వేళ్లు రెండు తీసేశాక, ఆ కాలికి పట్టీ మార్చింది నేనే. పోయిన ఏడాది నా రిపోర్టులో మూణ్ణెల్ల సగటు షుగర్ 7.4 అని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కాలే. నడవమంటే మోకాళ్లు ఒప్పుకోలేదు. డాక్టర్ సాబ్ సైకిల్ మేలన్నారు, ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి. ఈ రిపోర్టు అమ్మీ చేతిలో పెట్టాను. ఆమెకు అంకెలు చదవడం వచ్చు. చాలాసేపు చూసి, "మంచిది చూసి తీసుకో" అంది. అంతే.

ఇక మంచిదంటే ఏది?

కర్నూల్లో నేను తొక్కాలనుకున్న దారులు తారురోడ్లు కావు. లారీల మధ్య తొక్కే హిమ్మత్ నాకు లేదు. ఫజర్ తర్వాత కాలువ గట్లు, జగన్నాథగట్టు వైపు ఎత్తులు, కడపకు పోయినప్పుడు మా ససురాల్ వెనక పాలకొండల పక్క రాళ్ల బాటలు. సన్న టైరు సైకిళ్లు అక్కడ పనికిరావు. అందుకే హార్డ్‌టెయిల్. అంటే ముందు చక్రానికి మాత్రమే షాకప్ ఉండి, వెనకభాగం కదలకుండా ఉండే మౌంటెన్ బైక్. వెనక కూడా షాకప్ ఉన్నవి దొరుకుతాయి. వాటికి బరువెక్కువ, ఖర్చెక్కువ, కీళ్లు కూడా ఎక్కువ. కీళ్లున్న చోట సీమ దుమ్ము చేరితే ఏమవుతుందో బోరు మెకానిక్ ఎవరైనా చెబుతాడు.

ఈ సైకిళ్ల వంశం తవ్వితే నాకు మజా వచ్చింది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల, 40ల నాటి పాత సైకిళ్లను కొండ మీదికి చేర్చి, అక్కణ్నుంచి కిందికి వదిలేవారు. లావు టైర్లు, ఒకటే గేరు, బరువు అబ్బా సైకిల్ అంత. వెనక చక్రంలోని బ్రేకు వేడికి గ్రీజు కాలిపోయేది, కిందికి దిగినాక మళ్లీ నింపుకోవాలి. ఆ బాటకు 'రీప్యాక్' అన్న పేరు అందుకే. 1976లో అక్కడ పోటీ పెట్టారు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పని కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. ఇప్పుడు లక్షలు పలికే ఈ షౌఖీన్ సరుకు పుట్టింది పాత ఇనుములోనే అన్నమాట.

దుకాణంలో అడిగిన మొదటి సంగతి బరువు. కాగితంలో పన్నెండున్నర కేజీలని రాసి ఉంది. నేను మా మొహల్లా ఖసాయి భాయ్ దగ్గర కొక్కెం కాటా అడిగి తీసుకుపోయాను. తగిలించి చూస్తే 13.8.

"అది పెడళ్లు లేకుండా తూచింది సార్" అన్నాడు కుర్రాడు.

"పెడళ్లు లేకుండా తొక్కేవాళ్లు ఎవరు బాబూ?"

కంపెనీ పేరు రాయను. దాదాపు అన్ని కంపెనీలదీ ఇదే తరీఖా. కాటా తీసుకుపోవడానికి సిగ్గుపడకండి. మటన్ కొనేటప్పుడు పడతామా?

నిజానికి ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్ బరువు మనం అనుకున్నంత లెక్కలోకి రాదు. నేను 84 కేజీలు, సైకిల్ 14. రెండు కేజీలు తగ్గించినా మొత్తంలో నూటికి రెండు వంతులే. దానికోసం కార్బన్ ఫ్రేముకు లక్ష పెట్టడం ఇస్రాఫ్, ఆ బరువు నా పొట్టలోంచి ముఫ్త్‌గా తీయొచ్చు. తేలిక కావాల్సింది మెట్ల దగ్గర. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, 52 మెట్లు. కింద పెడితే పొద్దునకు ఉండదు. భుజాన వేసుకుని మోకాలు మూలగకుండా ఎక్కగలిగితేనే రేపు కూడా తీస్తాను, లేకపోతే వారానికి అది బట్టలారేసే కొయ్య అవుతుంది. అందుకే దుకాణం మెట్లు ఒక్కో సైకిల్‌తో రెండేసి సార్లు ఎక్కి దిగాను. కుర్రాళ్లు తమాషా చూశారు. పదహారు కేజీలది ఎత్తినప్పుడు, తీసుకునేది ఇది కాదని భుజం చెప్పేసింది.

ఆ బరువంతా ఎక్కడుందో చూస్తే, చాలావరకు ముందు షాకప్‌లో, చక్రాల్లో. తక్కువ ధరవాటిలో షాకప్ లోపల ఉక్కు స్ప్రింగు ఉంటుంది. ఇంకొంచెం పెడితే గాలితో పనిచేసేది వస్తుంది. అరకేజీ పైనే తగ్గుతుంది, పైగా మన ఒంటి బరువును బట్టి పంపుతో గాలి సరిచేసుకోవచ్చు. నేను ఫ్రేము అల్యూమినియందే ఉంచి, ఖర్చు షాకప్ మీద, టైర్ల మీద పెట్టాను. పాత కెమెరా లెన్సు ఒకటి అమ్మి సగం డబ్బు తెచ్చాను.

గేర్ల సంగతి ఒక్క మాటలో. అబ్బా సైకిల్ పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం రెండు చుట్ల పైనే తిరిగేది. దీనికి ముందు 32 పళ్లు, వెనక పెద్ద బిళ్లకు 46. ఎత్తులో ఒక చుట్టు తొక్కితే చక్రం ముక్కాలు చుట్టు కూడా తిరగదు. నడకంత నెమ్మదిగా పోతుంది, కానీ దిగకుండా పోతుంది. ఆ మూటతో ఆ ఎత్తులు ఆయన ఎట్లా ఎక్కినారో అని ఇప్పుడనిపిస్తుంది. బహుశా దిగి తోసేవారేమో. ఎప్పుడూ చెప్పలేదు.

మన దగ్గర అసలు దుష్మన్ కొండ కాదు, ముల్లు. సర్కారు కంప ముల్లు మామూలు టైరును సూదిలా దాటేస్తుంది. పల్లేరుకాయ అంతకంటే షైతాన్, ఎట్లా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికా పడమటి రాష్ట్రాల సైకిలిస్టులు తిట్టుకునేది కూడా ఈ పల్లేరునే. వాళ్ల ఇలాజే నేనూ చేశాను: ట్యూబు తీసేసి, టైరులో రబ్బరు పాల లాంటి ద్రవం పోయించడం. ముల్లు గుచ్చుకుంటే ఆ ద్రవం బొక్కలోకి వచ్చి గడ్డకడుతుంది. మన ఎండలకు తొందరగా ఎండిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసుకుని పోయాలి. నల్లరేగడికి మాత్రం ఇలాజ్ లేదు. వాన పడ్డాక నంద్యాల వైపు చేలగట్ల మీదికి పోతే మట్టి టైరుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. అందుకే టైరు పక్కన రెండు వేళ్లు దూరేంత జాగా ఉన్నది చూసుకున్నాను. వాన రోజు ఇంట్లో ఉండటం ఇంకా మంచిది.

సైజు దగ్గర ఆగిపోయాను. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, చిన్న సైజుకూ మధ్య సైజుకూ మధ్యలో పడతాను. దుకాణం అతను మధ్యదే తీసుకోమన్నాడు. నేను చిన్నది తీసుకున్నాను. నడుం వంగడం తక్కువ, దిగేటప్పుడు కాళ్లు సులువుగా ఆనుతాయి అని అతనికి చెప్పాను. అది ఝూట్ కాదు. కానీ అసలు వజహ్ మా బేటీ. ఇంటర్ చదువుతోంది, ఐదడుగుల రెండు. సైకిల్ తనకు వచ్చు. తొక్కడం తొమ్మిదో తరగతిలో ఆపేసింది. మేం ఆపమని ఎవరం అనలేదు, తొక్కమని కూడా అనలేదు. షుగర్ మాత్రం తరం చూసుకుని రాదు కదా.

సీటు గొట్టం మీద ఇప్పుడు రెండు గీతలు ఉన్నాయి, ఒకటి నాది, కింద ఒకటి తనది. కొలత తేలికే: సీటు మీద కూర్చుని మడమను కింద ఉన్న పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు కిందికి ఉంటే మోకాలి ముందుభాగం నొస్తుంది. తను ఆదివారం పొద్దున సల్వార్ పాయించాకు రబ్బరు బ్యాండు వేసుకుని దిగుతుంది. మొదటిరోజు గల్లీలో నన్ను చూసి "క్యా మియా, బండి ఫైనాన్స్ వాళ్లు తీస్కపోయిండారా?" అన్న పెద్దమనిషి, తనను చూసి ఏమీ అనలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఇప్పుడు నా కళ్లు కె.సి. కెనాల్ మీద ఉన్నాయి. 1863-1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలువ. పంటలకే కాదు, పడవలకు కూడా అనుకున్నారు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, నంద్యాల మీదుగా కడప దాకా 306 కిలోమీటర్లు. గట్టు వెంట చాలాచోట్ల మట్టిబాట ఉంది. నా ఊరినీ అబ్బా ఊరినీ కలిపే దారి అది, నలభై ఆరేళ్లలో కారు అద్దంలోంచి తప్ప చూడలేదు. చలికాలం రానీ, ఇన్షాఅల్లా ముందు సుంకేసుల దాకా.

బేటీకి చెబితే, "పోయేటప్పుడు నువ్వు తొక్కు అబ్బూ, వచ్చేటప్పుడు నేను" అంది. మరి నేనెట్లా రావాలి? బేగం స్కూటీ మీద వెనకాలే వస్తానంది, నాస్తా డబ్బా పట్టుకుని.