చోడవరం దారిలో నత్తి

చోడవరం వెళ్ళివచ్చినవారు స్వయంభూ విఘ్నేశ్వరుని మహిమ చెబుతారు. ఇంకాస్త ముందుకు పోయినవారు మాడుగుల హల్వా రుచి చెబుతారు. నేను మాత్రం మా నాన్నగారి అంబాసిడర్ కారుకు పట్టిన నత్తిని గురించి చెప్పవలసి ఉంది. అది వదిలింది ఆ ఊళ్ళోనే గదా!

నాన్నగారు ఆ కారును 1988లో పాతదిగానే కొన్నారు. ఆయన పోయాక అది నా పాలబడింది. అంబాసిడర్ల తయారీయే 2014లో ఆగిపోయింది, ఇంకా ఎందుకీ సంత, అమ్మెయ్యమన్నారు ఇంట్లో అందరూ. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అందుకే నేనూ ఊరుకున్నాను.

కొన్నాళ్ళుగా యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా కాదు గాని, ఎప్పుడో ఒకప్పుడు కారు తడబడేది. పట్నంలో ఒక వర్క్‌షాపువారు కార్బురేటరు కడిగారు, ప్లగ్గులు మార్చారు, బిల్లు పుచ్చుకున్నారు. వాళ్ళ ఎదుట బుద్ధిమంతుడిలా నడిచిన కారు, మూడోనాటికి మళ్ళీ మొదలుపెట్టింది.

2023 సంక్రాంతి వెళ్ళాక, అమ్మ మొక్కు తీర్చడానికి విశాఖ నుంచి బయలుదేరాం. మొక్కుకున్ననాటికి చోడవరం విశాఖ జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరింది. దేవుడు మాత్రం ఉన్నచోటనే ఉన్నాడు. అనకాపల్లి దాటి చోడవరం రోడ్డెక్కితే రెండు పక్కలా చెరకుతోటలు. ఎక్కడో బెల్లం వండుతున్నారు కాబోలు, కమ్మని వాసన కారులోకి వచ్చింది.

ముందు చెరకు ట్రాక్టరు ఒకటి దారంతా ఆక్రమించి పోతోంది. ఎదుటి బస్సు ఇంకా దూరాన ఉంది గదా అని దాటబోయాను. కారు ఒక్క ఉరుకు ఉరకబోయి, గుక్కపట్టిన పిల్లవాడిలా ఆగిపోయింది! గుండె జల్లుమంది. బ్రేకు నొక్కి ట్రాక్టరు వెనక్కు తగ్గాను. బస్సు హారను మోగిస్తూ రివ్వున పోయింది.

“మీ నాన్న నడిపినప్పుడు ఇలా ఎప్పుడూ చెయ్యలేదురా,” అంది అమ్మ, కొంతసేపటికి.

ఇంటికి వెళ్ళగానే కారును వదిలించుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

దర్శనం బాగా జరిగింది. స్వామి తొండం చివర పైకి కనబడదు. నేలలోనుంచి ఎదుటి కోనేటిదాకా సాగిందని అక్కడివారు చెప్పుకుంటారు. అమ్మను మండపంలో కూర్చోబెట్టి, రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఉన్న ముసలి మేస్త్రి దగ్గరకు వెళ్ళాను.

“తొక్కేటప్పుడు ఆగుతాదా, తొక్కి పట్టుంచినప్పుడా, మేష్టారూ?” అని అడిగాడాయన.

ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ వెయ్యలేదు. ఆలోచించి, తొక్కిన క్షణంలోనేనని చెప్పాను.

“అయితే పెట్రోలు కాదండి. పెట్రోలందకపోతే తొక్కేకొద్దీ నీరసపడిపోద్ది. టక్కున పోయి టక్కున వొచ్చిందంటే కరెంటు పనే.”

డిస్ట్రిబ్యూటరు మూత విప్పాడు. లోపల పాయింట్లను మోసే చిన్న పళ్ళెం ఉంది. అది కదలకుండా బిగించినది కాదు. కార్బురేటరు నుంచి వచ్చే సన్నని గొట్టంలోని పీల్పునుబట్టి అది కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సర్దుతుంది. మేస్త్రి ఆ గొట్టం విప్పి, నోటితో పీల్చాడు. పళ్ళెం కదిలింది. దానితోపాటు పాయింట్లకు కరెంటు తెచ్చే బుల్లి తీగ కూడా వంగింది.

తీగ పైకి నిక్షేపంలా ఉంది. మేస్త్రి రెండు కొసలూ పట్టుకొని మెల్లిగా లాగితే పైతొడుగు రబ్బరులా సాగింది. లోపలి రాగిపోగులు ఏనాడో తెగిపోయాయి! పళ్ళెం కుదురుగా ఉన్నంతసేపు తెగిన కొసలు తాకుతూనే ఉండేవి. యాక్సిలరేటరు తొక్కగానే పీల్పు తగ్గి పళ్ళెం తిరిగేది. ఒక్కొక్కసారి కొసలు విడిపోయేవి.

“నిలబెట్టి సూస్తే దొరకదండి,” అన్నాడు మేస్త్రి. వంగినా విరగని సన్నపోగుల తీగ వేసి, 200 రూపాయలు పుచ్చుకున్నాడు.

తిరుగుదారిలో మరో చెరకు ట్రాక్టరు ఎదురయింది. ఈసారి దారి కనుచూపుమేర ఖాళీగా ఉన్నదాకా ఆగి, యాక్సిలరేటరు తొక్కాను. కారు తడబాటు లేకుండా దాటిపోయింది. బిగబట్టిన ఊపిరి వదిలాను.

“ఏరా, దీన్ని అమ్మేస్తావా?” అంది అమ్మ. నా మనసులో మాట ఆమెకెలా తెలిసిందో!

“అమ్మనమ్మా,” అన్నాను.

అమ్మ ప్రసాదం పొట్లం విప్పి, నా చేతిలో ఇంత పెట్టింది.