బడి పన్ను

మనవాళ్ళు ఇల్లు కట్టి చూడమన్నారు. అమెరికాలో కట్టే బాధ లేదు. ఎవరో కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, ఖాళీ చేసిన ఇల్లు కొని చూడాలి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మేం 1998లో కొన్నది అలాంటిదే. 1958లో కట్టిన స్ప్లిట్ లెవెల్. హాల్లోంచి ఆరు మెట్లు ఎక్కితే పడకగదులు, ఆరు మెట్లు దిగితే ఫ్యామిలీ రూము. అన్నం తినాలన్నా, పడుకోవాలన్నా, బట్టలుతకాలన్నా మెట్లే.

2001లో తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు రెండు రోజులు కిటికీలోంచి వీధి చూసి, "ఇళ్ళు బావున్నాయిరా, ఊరేదీ?" అన్నారు. ఓక్‌ట్రీ రోడ్డుకి తీసుకెళ్ళి చీరల కొట్లూ, మిఠాయి దుకాణాలూ, గోంగూరా చూపించాను. "ఇది బజారు. నేనడిగింది ఊరు" అన్నారు.

నాకు తెలిసిన చరిత్ర చెప్పాను. ఇది ఒకప్పటి రారిటన్ టౌన్‌షిప్. ఇక్కడి మెన్లోపార్కులో 1876లో ప్రయోగశాల పెట్టి, 1879లో బల్బు వెలిగించిన ఎడిసన్ పేరు 1954లో ఊరికి పెట్టుకున్నారు. ఆయన అంతా విని, "పక్కింట్లో ఎవరుంటారు?" అన్నారు.

పక్కింట్లో ఇటాలియన్ సంతతి పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. భర్త ఈ ఊరి ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి పోయారు. 1948లో మొదలైన ఆ ఫ్యాక్టరీని 2004లో మూసేశారు. మేం వచ్చేసరికే ఆవిడ పిల్లలు వెళ్ళిపోయి పదిహేనేళ్ళు. మా పిల్లలు స్కూలు బస్సెక్కుతుంటే రోజూ వాకిట్లో నిలబడి చెయ్యూపేవారు. ఇంటి పన్ను మీద మాత్రం కనిపించినప్పుడల్లా సణిగేవారు. 2009లో ఇల్లమ్మి ఫ్లోరిడాలో కొడుకు దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ సణుగుడు నాకు 2018లో అర్థమైంది. వడ్డీలు తగ్గినప్పుడు, 2003లో, పదిహేనేళ్ళకి మార్చుకున్న అప్పు ఆ ఏడు తీరింది. అప్పటిదాకా బ్యాంకువాళ్ళే కట్టేసిన పన్ను బిల్లు నేరుగా నా చేతికొచ్చింది. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు, ఏడాదికి నాలుగు వాయిదాలు. దేశంలో ఇంటి పన్నులు బాగా ఎక్కువున్న రాష్ట్రం మాది. బిల్లులో ఊరికెంత, కౌంటీకెంత, బడికెంత అని విడివిడిగా రాసుంటుంది. అన్నిట్లోకీ పెద్ద అంకె బడిదే. అప్పటికి మా ఇద్దరు పిల్లలూ కాలేజీలు కూడా దాటేశారు.

ఆ కాగితం చూస్తుంటే పక్కింటావిడ గుర్తొచ్చారు. మా పిల్లలు ఎక్కిన బస్సుకీ, వాళ్ళ టీచర్ల జీతాలకీ, బళ్ళో వాయించిన వయొలిన్‌కీ ఆవిడ డబ్బు కూడా పడింది. పేరు కూడా సరిగా పలకలేని పిల్లల కోసం, పదకొండేళ్ళు కట్టారు. నాన్నగారు అడిగిన ఊరు ఇదేనేమో. చూపిద్దామంటే ఆయన లేరు.

సియాటిల్ నుంచి మా అబ్బాయి ప్రతి ఆదివారం ఒకటే పాట. "ఇద్దరికి నాలుగు బెడ్రూములెందుకు నాన్నా? అమ్మేసి, పన్ను తక్కువున్న చోటికి వెళ్ళండి." వాడన్నదాంట్లో తప్పు లేదు. మా స్నేహితులు చాలామంది నార్త్ కరొలైనాకీ టెక్సాస్‌కీ వెళ్ళారు. పైగా మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఈ ఇంట్లో ఆరేసి మెట్లు రోజుకి ఎన్నిసార్లో. ఋణాల లెక్క నేను చెప్పొచ్చు, మెట్లెక్కేది తను.

పెద్దావిడ ఇంట్లో ఇప్పుడు వరంగల్ దంపతులున్నారు. వాళ్ళ చిన్నది రెండో క్లాసు. బస్సు రాకముందే మా ఆవిడ వాకిట్లోకి వెళ్తుంది, ఆ పిల్ల "బామ్మా" అని అరుస్తూ చెయ్యూపుతుంది. మొన్న ఇళ్ళమ్మే ఏజెంటు ఫోన్ చేస్తే తనే మాట్లాడింది. "ఆ పిల్ల ఐదో క్లాసు దాటాక చూద్దాం" అని పెట్టేసింది.

మర్నాడు వడ్రంగిని పిలిచి, మెట్లకి రెండోవైపు కూడా రెయిలింగు వేయించాను.